వఫ్రాలో మందు కొట్టే వేళ

మదనపల్లె పక్క పల్లెలో పుట్టినవాడికి టమాటాకు మందు కొట్టడం ఒకరు నేర్పాలా అనుకునేవాణ్ణి. కువైట్ వచ్చి వఫ్రాలో తోటపనికి కుదిరిన రెండో నెలలోనే ఆ పొగరు దిగింది.

వఫ్రా అంటే దక్షిణాన, సౌదీ సరిహద్దు దగ్గర. ఎటు చూసినా ఇసుక, మధ్యలో తోటలు. ఎండలు కాస్త తగ్గాక మొక్క నాటితే చలికాలమంతా కాయలు. ఆ అక్టోబరులో ఆకులు పాలిపోయాయని మనూళ్ళో లాగానే లీటరుకు 5 గ్రాముల లెక్కన 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) కలిపాను. బోరు నీళ్ళే. పొద్దున తొమ్మిదింటికి కొట్టేశాను. మూడో రోజుకు ఆకుల అంచులు నిప్పు తగిలిన కాగితంలా ముడుచుకున్నాయి.

మా మేస్త్రీ ఈజిప్టు ఆయన, అందరం రయీస్ అంటాం. తిడతాడనుకున్నా. ఏమీ అనకుండా బోరు నీళ్ళు చేతిలో పోసి రుచి చూడమన్నాడు. ఉప్పు! ఇక్కడి గాలికి బొట్టు ఆకులోకి ఇంకేలోపే ఆరిపోతుంది. నీళ్ళు ఎగిరిపోయి ఆకు మీద మిగిలేది బోరు ఉప్పు, దానిపైన ఎరువు ఉప్పు. కాలక ఏమవుతుంది?

అప్పటినుంచి తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలు. తలకు లైటు కట్టుకుని, ట్యాంకరులో వచ్చే తీపి నీళ్ళతో, సగం డోసు, ఆకు అడుగు కూడా తడిసేలా. సూర్యుడు పైకొచ్చేసరికి పంపు కడిగి పెట్టేయాలి.

ఇంకో తప్పు కూడా చేశాను, అదీ చెప్పేస్తా. పని తొందరగా తెముల్తుందని కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్ ఎరువులు రెండూ ఒకే డ్రమ్ములో పోశాను. మజ్జిగ విరిగినట్టు తెల్లటి తరకలు తేలాయి. రెండూ కలిసి, నీళ్ళలో సరిగా కరగని జిప్సం అయిపోతాయట. ఆ రోజంతా సూదితో నాజిళ్ళు పొడుచుకుంటూ కూర్చున్నా.

ఆ కాల్షియం కూడా కాయ అడుగున నల్లమచ్చ రాకుండా కొట్టేది. నిజం చెప్పాలంటే దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆకు మీద పడిన కాల్షియం ఆకులోనే ఉండిపోతుంది, కాయకు దిగదు. చిన్న పిందెల మీద నేరుగా పడితే కొంత పని చేస్తుంది. వేడిగాలి వీచినప్పుడు మొక్క తాగిన నీళ్ళన్నీ ఆకులే లాగేసుకుంటాయి, వాటితోపాటే కాల్షియం కూడా. కాయకు మిగలదు. డ్రిప్పు రోజూ ఒకే వేళకు, కొంచెం కొంచెంగా వదలడం మొదలుపెట్టాకే మచ్చ తగ్గింది. పిచికారీ ఆకలేసినప్పుడు తాగే టీ లాంటిది, అన్నం కాదు.

మొన్న తమ్ముడు వీడియో కాల్ చేశాడు. అక్కడ కూడా మచ్చేనట.

"ఏం మందు కొట్టాలన్నా?"

"ముందు నీళ్ళు తప్పకుండా కట్టురా, మందు తర్వాత."

"సరే గానీ, ఇప్పుడున్న రేటుకు కోతకూలీ కూడా రావడం లేదు. మచ్చ ఉంటే ఏం, లేకుంటే ఏం?" అంటూ ఫోను రోడ్డు వైపు తిప్పాడు.

వెనకనుంచి రయీస్ తొంగిచూసి, ఆ ఎర్ర కుప్ప ఏమిటని అడిగాడు. మేకలకు అని చెప్పాను.