పాత ట్రాక్టర్ డీజిల్ ట్యాంకు కారుతుంటే

మెస్సీ 1035 లాంటి పాత బండ్లలో డీజిల్ ట్యాంకు బానెట్ కింద, ఇంజన్ మీదే ఉంటుంది. కారిన డీజిల్ వేడి ఇంజన్ మీదకీ వైర్ల మీదకీ చేరుతుంది. అందుకే కాస్త చెమ్మ కనిపించినా పని అయ్యాక చూద్దామని వదిలేయొద్దు.

ముందు కారేది ట్యాంకేనా అని తేల్చుకోవాలి. చాలాసార్లు తప్పు దానిది కాదు. ట్యాప్ మర దగ్గరో, గేజీ కింది ప్యాకింగ్ దగ్గరో, మిగులు డీజిల్‌ని ట్యాంకులోకి తిరిగి తెచ్చే రిటర్న్ పైపు బోల్టుకున్న రాగి వాషర్ల దగ్గరో డీజిల్ బయటికొచ్చి, రేకు వెంట పాకి, ఇంకోచోట బొట్టుగా రాలుతుంది. సబ్బునీళ్లతో ట్యాంకు కడిగి, బాగా ఆరబెట్టి, ముగ్గుపిండి చల్లండి. గంటలో తడి చార కనబడుతుంది. ఆ చార పై కొస పట్టుకు వెళ్తే అసలు చోటు దొరుకుతుంది. రాగి వాషరే అయితే కొత్తది వేయండి. దొరక్కపోతే పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ పట్టేస్తుంది.

పొలంలో ఉండగా సన్న చిల్లు బయటపడితే తడి తుడిచి బట్టల సబ్బు గట్టిగా రుద్దండి. డీజిల్‌కి సబ్బు కరగదు కాబట్టి ఇల్లు చేరేదాకా ఆగుతుంది. ఎం-సీల్ ముద్ద కూడా తాత్కాలికమే. డీజిల్ తడి మీద అది అంటుకోదు, అంటుకున్నా బండి అదురుకి అంచు లేస్తుంది.

నిజంగా ట్యాంకే అయితే చిల్లు చాలావరకు లోపలి నుంచి పడి ఉంటుంది. సగం ఖాళీగా రాత్రంతా ఉంచిన ట్యాంకులో గాలిలోని తేమ చల్లబడి నీరవుతుంది. డీజిల్ కంటే నీరు బరువు గనుక అడుక్కి చేరి, రేకుని తుప్పు తినేస్తుంది. బయటి నుంచి తినేది ట్యాంకుని బిగించే పట్టీ కింద ఉన్న ఫెల్టు, అంటే మందపాటి ఉన్ని గుడ్డ. వాన నీరు పీల్చి వదలదు. కాబట్టి కనబడే ఒక్క బెజ్జానికి మాటు వేసి ఊరుకుంటే పక్కనే ఇంకోటి లేస్తుంది. మాటు వేయబోయే ముందు చిన్న సుత్తితో చుట్టూ తట్టి చూడండి. మెత్తగా పలికిన రేకంతా కోసేయాల్సిందే.

బ్యాటరీ వైరు తీసి, డీజిల్ వంపి, పైపులు విప్పి, పట్టీలు వదులు చేసి ట్యాంకు దించండి. ఇక్కడే ప్రాణం మీదకొచ్చే పని ఒకటుంది. డీజిల్ పెట్రోల్‌లా అంటుకోదు కదా అని ఖాళీ ట్యాంకు మీద వెల్డింగ్‌కి నేరుగా గ్యాస్ మంట పెడతారు. అతుకుల్లోనూ తుప్పులోనూ ఇంకిన డీజిల్ ఆ వేడికి ఆవిరై, లోపలి గాలితో కలిసి పేలుతుంది. డీజిల్ ఇంజన్ పొగ లోపలికి పట్టిస్తే చాలనుకోవడం కూడా తప్పే, ఆ పొగలో ఆక్సిజన్ బాగానే మిగిలి ఉంటుంది. వేడినీళ్లలో బట్టల సోడా కలిపి, వాసన పోయేదాకా మళ్లీ మళ్లీ కడగండి. తర్వాత చిల్లు పైకి వచ్చేలా తిప్పి, దానికి రెండంగుళాల కింది దాకా నీళ్లు నింపి, మూతా రంధ్రాలూ తెరిచే ఉంచి అప్పుడు మంట పెట్టాలి.

సూది బెజ్జాలకు మంటే అక్కర్లేదు. రేడియేటర్ షాపులో టంకం వేయించండి. తగరం 60, సీసం 40 పాళ్ల టంకం సుమారు 190 డిగ్రీలకే కరుగుతుంది. రేకు మెరిసేదాకా గీకి, చిల్లు చుట్టూ రెండు సెంటీమీటర్లు కప్పే ఇత్తడి ముక్కకూ రేకుకూ ముందు విడివిడిగా టంకం పూసి, తర్వాత అతికించాలి. టంకం పట్టడానికి రాసిన యాసిడ్ మిగిలితే కొత్త తుప్పు మొదలవుతుంది, సోడా నీళ్లతో కడగడం మరవద్దు. అతుకు వెంట పగిలితే మాత్రం టంకం నిలవదు, ఇత్తడి వెల్డింగే చేయించాలి.

లోపలి తుప్పు వదలడానికి గుప్పెడు పాత నట్లు, కొంచెం నీళ్లు వేసి ఊపండి. అవి ఎన్ని వేశారో లెక్కపెట్టుకుని అన్నీ బయటికి తీయాలి. ఆ పైన లోపల ఆరబెట్టి వెంటనే డీజిల్ తిప్పి పూయండి, లేకపోతే పూట గడిచేసరికి ఎర్రబారుతుంది. తుప్పు మీదే లోపలి కోటింగ్ పోయించడం దండగ. అది పొరలుగా ఊడి ఫిల్టర్‌ని మూసేస్తుంది.

పరీక్షకు టైరు కంప్రెసర్ పెట్టొద్దు. 30 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్ల రేకు మీద చదరపు సెంటీమీటరుకు 0.2 కిలోల ఒత్తిడి పడితేనే మొత్తం 240 కిలోల తోపు. చదును రేకు ఉబ్బి అతుకులు విడిపోతాయి. మాటు బయట సుద్ద పూసి, లోపల కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచండి. సన్న చిల్లు మిగిలి ఉంటే సుద్ద మీద మచ్చ పడుతుంది.

బిగించేటప్పుడు ఫెల్టు బదులు మూడు మిల్లీమీటర్ల రబ్బరు షీటు వేయండి. పట్టీ వదులైతే అదురుకి అతుకు మళ్లీ పగులుతుంది, మరీ బిగించినా రేకు నలుగుతుంది. మూతలోని గాలి రంధ్రం సూదితో తీయండి. అది మూసుకుంటే డీజిల్ దిగక బండి ఆగిపోతుంది. కొత్త డీజిల్ ఫిల్టర్ వేసి, ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి, బుడగ లేని డీజిల్ వచ్చేదాకా చేతి పంపు కొట్టండి. తర్వాత ఇంజెక్షన్ పంపు దగ్గరా ఇదే చేయాలి. పది గంటలు నడిచాక పట్టీ బోల్టులు మరోసారి చూసి, ఫిల్టర్ గిన్నెలో తుప్పు పేరుకుందేమో తీసి చూడండి.