లాలాగూడ వాడు, కొత్తగూడెం వాడు, స్మిత్స్ ఆఖరి ఆల్బమ్

మన హాస్టల్ బ్యాచ్‌లో ఇంగ్లిష్ పాటలు వినేవాళ్లు తక్కువ. వినేవాళ్లు కూడా స్టార్ టీవీ పుణ్యమా అని ఎంటీవీలో వచ్చినవే వినేవారు. అప్పటికే విడిపోయి కొన్నేళ్లయిన ఒక మాంచెస్టర్ బ్యాండ్ కోసం హాస్టల్ మేడ మీద లాలాగూడ వాడు, కొత్తగూడెం వాడు, నేను, ముగ్గురం గొంతులు చించుకునేవాళ్లమంటే ఈ సంచిక చదివే జూనియర్లు నమ్మకపోవచ్చు. ఆ బ్యాండ్ పేరు ది స్మిత్స్. గొడవంతా వాళ్ల ఆఖరి ఆల్బమ్ గురించి.

దాని పేరు ‘స్ట్రేంజ్‌వేస్, హియర్ వుయ్ కమ్’. 1987 సెప్టెంబర్ 28న వచ్చింది. మా చేతికి వచ్చేసరికి తొంభైలు మొదలయ్యాయి. మా పెద్దమ్మ కొడుకు మాంచెస్టర్ దగ్గర డాక్టరు. తను వినేది ఘంటసాల. నాకు ఇంగ్లిష్ పాటల పిచ్చి పట్టిందని ఇంట్లో ఎవరో మోస్తే, సెలవులకు వస్తూ ఆ క్యాసెట్ తెచ్చిచ్చాడు. "స్ట్రేంజ్‌వేస్ అంటే అక్కడ జైలురా. 1990 ఏప్రిల్‌లో ఖైదీలు కప్పు మీదికెక్కి 25 రోజులు గొడవ చేశారు, రోజూ టీవీలో అదే" అన్నాడు. పాటల గురించి అన్నయ్యకు తెలిసింది సున్నా. ఆల్బమ్ మొత్తం 36 నిమిషాలే. కోఠీలో కొన్న తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్‌కు ఒకవైపు ఎక్కించుకుంటే ఇంకా చోటు మిగిలేది. రెండో వైపు ఇళయరాజా. మన హాస్టల్లో తిరిగిన కాపీలన్నీ అలాంటివే.

లాలాగూడ వాడు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాడు. పక్కింటి ఆంగ్లో ఇండియన్ అంకుల్ దగ్గర గిటార్ నేర్చుకున్నాడు. వాడి దృష్టిలో స్మిత్స్ అంటే వాళ్ల గిటారిస్టు జానీ మార్, జానీ మార్ అంటే గిటార్, మిగతాదంతా పక్కవాద్యం. క్యాసెట్ దొరికిన సాయంత్రమే గివ్‌సన్ గిటార్ ఒళ్లో పెట్టుకుని మొదటి పాట దగ్గర కూర్చున్నాడు. వినడం, ఆపడం, వెనక్కి తిప్పడం, తీగ మీద వెతకడం. మెస్ బెల్లు కొట్టినా లేవలేదు. చివరికి హెడ్‌ఫోన్స్ మంచం మీద పడేసి, "అరే యార్, ఇందులో గిటారే లేదురా!" అన్నాడు, ఎవరో జేబు కొట్టేసినట్టు.

నిజంగానే లేదు. ఆ పాటను పియానో, డ్రమ్స్, మంద్రంగా మోగే బేస్ నడిపిస్తాయి. అందరూ తన గిటార్‌నే మెచ్చుకుంటుంటే ఆ దారిలోంచి బయటపడాలని మార్ అనుకున్నాడట. ఆల్బమ్‌లో చాలాచోట్ల వయొలిన్లలా వినిపించేది కూడా కీబోర్డే. మూడో పాటలో పియానో కొట్టింది గాయకుడు మోరిసీ. నేర్చుకోని చేతులని వినగానే తెలిసిపోతుంది, అయినా అక్కడ బాగుంటుంది. లాలాగూడ వాడు మాత్రం కొన్నాళ్లపాటు మార్‌ని క్షమించలేదు. వాడి లెక్కలో ఇది చివరి ఆల్బమ్ కాదు, చెడిపోయిన ఆల్బమ్.

కొత్తగూడెం వాడి సంగతి వేరు. నాన్న సింగరేణి కార్మికుడు. ఇంగ్లిష్ పాటలు వాడికి అంతగా పట్టేవి కావు. నా వాక్‌మన్‌కు చిన్న స్పీకర్లు తగిలించి వింటుంటే వచ్చి పక్కన పడుకునేవాడు. అన్నయ్య తెచ్చిన అసలు క్యాసెట్ రెండో వైపు ‘లాస్ట్ నైట్ ఐ డ్రెమ్ట్’ పాటతో మొదలయ్యేది. దాదాపు రెండు నిమిషాలు పియానో ఒక్కటే, దాని వెనక దూరంగా జనం అరుపులు. మొదటిసారి విన్నప్పుడు వాడు చటుక్కున లేచి కిటికీ దగ్గరికి పోయాడు. మన వైపు ర్యాలీలు మామూలే కదా, గేటు దగ్గర ఏదో అయిందనుకున్నాడు. బయట ఎవరూ లేరు. తిరిగొచ్చి స్పీకర్‌కు చెవి ఆనించి, "ఇది స్టేడియం అరుపు కాదురా, కోపం మీదున్న జనం" అన్నాడు.

మేం నవ్వాం. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికే పాత ఇంగ్లిష్ పత్రికల్లో ఈ బ్యాండ్ గురించి ఎక్కడో ఒక ముక్క దొరికితే అదే గొప్ప. అసలు సంగతి చాలా ఏళ్లకు, ఇంటర్నెట్ వచ్చాక తెలిసింది. ఆ అరుపులు బ్రిటన్ గని కార్మికులవి, 1984-85 సమ్మె నాటివి. ఫోన్ చేసి చెబితే కొత్తగూడెం వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బొగ్గుబాయి మనోళ్లే మరి, గుర్తుపట్టనా?" అన్నాడు. ఆ పాట గురించి ఇంతకంటే మంచి మాట నేను ఏ విమర్శకుడి దగ్గరా చదవలేదు.

అసలు యుద్ధం చివరి పాట మీద. ‘ఐ వోంట్ షేర్ యూ’ చిన్న పాట, మార్ ఆటోహార్ప్ అనే తీగ వాయిద్యం మీటుతుంటే మోరిసీ పాడతాడు. ఇది మోరిసీ మార్‌కి రాసిన వీడ్కోలు ఉత్తరం అన్నది చాలామంది అభిమానుల నమ్మకం. లాలాగూడ వాడూ అదే పట్టు పట్టాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. వీడ్కోలు చెప్పాలంటే వెళ్లిపోతున్నామని ముందు తెలియాలి కదా! ఆ వసంతకాలంలో వాళ్లు ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊరి దగ్గర వూల్ హాల్ స్టూడియోలో రికార్డు చేస్తున్నప్పుడు బ్యాండ్ ఇంకా నిక్షేపంగా ఉంది. రఫ్ ట్రేడ్ అనే చిన్న స్వతంత్ర రికార్డు కంపెనీకి ఇది చివరి ఆల్బమ్ అని మాత్రం తెలుసు, ఎందుకంటే తర్వాతి వాటికి ఈఎంఐ అనే పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం అయిపోయింది. అంటే మారబోయేది కంపెనీ. పోయిన గాయకుడి పాటలనే అట్టలు మార్చి అమ్ముకునే కంపెనీల మీద ఒక పాటే ఉంది ఇందులో. దెప్పిపొడుపు ఉన్నది అక్కడ.

పైగా వాళ్లు చివరగా రికార్డు చేసిన పాటలు ఈ ఆల్బమ్‌లో లేనే లేవు. 1987 మేలో, విడిగా అమ్మే ఒక పాట రికార్డు (సింగిల్) వెనక వేయడానికి, రెండు పాటలు చేశారు. అందులో ఒకటి అరవైల నాటి గాయని సిల్లా బ్లాక్ పాత పాట. సిల్లా బ్లాక్ పాటలు పాడటానికా నేను బ్యాండ్ పెట్టింది అన్నట్టు మార్ తర్వాత విసుక్కున్నాడు. మేనేజర్ లేడు, పనులన్నీ తనమీదే, అలసిపోయాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు, అంటే మనకంటే ఒకట్రెండేళ్లు పెద్ద. సెలవు కావాలన్నాడు, మాటా మాటా పెరిగింది, ఆగస్టుకల్లా విడిపోతున్నారని పత్రికల్లో వచ్చేసింది. ఆల్బమ్ బజారుకొచ్చేసరికి బ్యాండ్ లేదు. కొన్నవాళ్లంతా ప్రతి మాటలోనూ చావు వెతుక్కున్నారు, మేం కూడా. నా మటుకు నాకు ఇది కొత్త రోడ్డు వేస్తూ వేస్తూ మధ్యలో ఆగిపోయిన పని. ఐదో ఆల్బమ్ ఎలా ఉండేదో ఊహించుకోవడం వీడ్కోలు పాటకు ఏడవడం కంటే మజాగా ఉంటుంది.

1996లో బ్యాండ్ డ్రమ్మర్ మైక్ జాయిస్ రాబడిలో వాటా కోసం మోరిసీ, మార్‌ల మీద లండన్ హైకోర్టులో కేసు గెలిచాడు. ఆ తర్వాత మళ్లీ కలుస్తారన్న ఆశ నాకైతే పోయింది. విచిత్రం ఏంటంటే, తమ ఆల్బమ్‌లన్నిటిలో ఇదే ఇష్టమని మోరిసీ, మార్ ఇద్దరూ చెప్పారు. వాళ్లు ఒప్పుకున్నా లాలాగూడ వాడు ఒప్పుకోడు.

2023 మే 19న బ్యాండ్‌లో బేస్ వాయించిన ఆండీ రూర్క్ పోయాడు. మన హాస్టల్ గ్రూపులో ఆ వార్త పెట్టింది లాలాగూడ వాడే, కెనడా నుంచి. కింద ఇంకో మెసేజ్: మూడో పాటలో బేస్ వినండి, ఆల్బమ్ మొత్తాన్ని మోసింది ఆండీయే, మార్ కాదు. ముప్పై ఏళ్ల తర్వాత పార్టీ మార్చాడు! కొత్తగూడెం వాడు భూపాలపల్లి నుంచి, షిఫ్ట్ దిగి, "నేను అప్పుడే చెప్పిన" అని పెట్టాడు. నువ్వు చెప్పింది బేస్ గురించి కాదురా, జనం అరుపుల గురించి అని నేను గుర్తు చేశాను. అంతే, ఇద్దరూ ఒకటై నా మీద పడ్డారు. ఆ రాత్రి గ్రూపులో మనవాళ్లెవరో మ్యూట్ చేసుకుని పడుకున్నామని ఇప్పటికీ అంటుంటారు.