మా మారుతి 800కి కొత్త ఫ్యూయల్ పంపు

ఊళ్లో తిరిగినంతసేపూ ఏ పేచీ లేదు. హైవే ఎక్కి నాలుగో గేరులో వేగం పెంచగానే ఊపిరి అందనట్టు వెనక్కి లాగేది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే సర్దుకునేది. విజయవాడ దుర్గగుడి దగ్గరి వంతెన మీదికైతే, వెనక లారీ హారన్ వింటూ రెండో గేరులో మూలుగుతూ ఎక్కింది. పొద్దున పూట సెల్ఫ్ కొడితే ఒక పట్టాన అందుకోదు.

మాది 1997 నాటి బండి, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది కార్బురేటర్. ప్లగ్గులు మార్చమన్నారు కొందరు, కార్బురేటర్ కడిగించమన్నారు ఇంకొందరు, అమ్మేయమన్నారు అందరూ. నా అనుమానం మాత్రం పెట్రోలు సరఫరా మీదే. నెమ్మదిగా పోతున్నప్పుడు లేని మిస్సింగ్, ఎక్కువ పెట్రోలు కావలసినప్పుడే ఎందుకు వస్తుంది?

ముందు చవక వస్తువులు చూశాను. ఫిల్టర్ మార్చాను. ట్యాంకు వైపు నుంచి వచ్చే రబ్బరు గొట్టం వంచి చూస్తే పగుళ్లు లేవు. అక్కడ పగిలితే పెట్రోలు బయటికి కారకపోవచ్చు, పంపు మాత్రం గాలి పీలుస్తుంది. తర్వాత ఆయిలు గేజి పుల్ల లాగి, తుడిచి, మళ్లీ ముంచాను. ఆయిలు పై గీతను దాటి ఉంది. పాత ఇంజనులో ఆయిలు తగ్గుతుంది గానీ పెరగడమేమిటి! పుల్ల ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన గుప్పుమంది.

ఇక వెతకవలసినదేమీ లేదు, తప్పు ఫ్యూయల్ పంపుదే. ఈ పంపుకు కరెంటుతో పని లేదు. ఇంజనులో క్యామ్ అనే ఉబ్బెత్తు ముక్క తిరుగుతూ ఒక మీటను నొక్కుతుంది, మీట డయాఫ్రం అనే రబ్బరు పొరను కిందికి లాగుతుంది, పెట్రోలు లోపలికి వస్తుంది. స్ప్రింగు దాన్ని మళ్లీ పైకి నెట్టి పెట్రోలును కార్బురేటర్‌కు పంపుతుంది. ఆ డయాఫ్రం చిరిగితే పైకి పోవలసిన పెట్రోలులో కొంత ఇంజను ఆయిలులోకి దిగుతుంది. ఆయిలు పలచబడితే బేరింగులు అరుగుతాయి. వంతెన ఎక్కకపోవడం కన్నా నన్ను భయపెట్టింది ఇదే.

మా మేస్త్రి ఇది కొత్త పెట్రోలు పాపమన్నాడు. 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు మార్చవలసి రావచ్చని 2025లో పెట్రోలియం శాఖే చెప్పింది కాబట్టి అందులో నిజం లేకపోలేదు. అయినా ఇన్నేళ్లు వేడిలో ఉడికిన రబ్బరు అది. తప్పంతా ఇథనాల్ మీదికి నెట్టడానికి నాకు మనసొప్పలేదు.

“అమ్మా, కరెంటు పంపు పెట్టించేయండి, మళ్లీ ఈ బాధ ఉండదు” అని కూడా అన్నాడు. ససేమిరా అన్నాను. కార్బురేటర్ లేని ఇంజెక్షన్ కార్ల పంపు చదరపు సెంటీమీటరుకు మూడు కిలోల ఒత్తిడితో తోస్తుంది. కార్బురేటర్‌కు పావు కిలో చాలు, అంతకు బాగా మించితే పొంగి పొర్లుతుంది. సరైన ఒత్తిడి పంపు దొరికినా ఇంకొక మాట ఉంది. పాత పంపు ఇంజను ఆగగానే తానూ ఆగుతుంది. ప్రమాదంలో గొట్టం తెగితే, ఆపే ఏర్పాటు లేని కరెంటు పంపు పెట్రోలు కక్కుతూనే ఉంటుంది.

ఆటోనగర్‌లో పాత రకం పంపే కొన్నాం. పని చల్లటి ఇంజను మీద, బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఆరుబయట జరిగింది. ఏ గొట్టం ఏ మూతికో రంగు దారాలు కట్టి గుర్తు పెట్టాను. పంపు ఊడగానే రంధ్రంలో గుడ్డ కుక్కి, అతుకు దగ్గర కారకుండా వేసే గ్యాస్కెట్ పాతది అంటుకుపోతే, దాన్ని బ్లేడుతో ఓపికగా గీకాడు మేస్త్రి. చిన్న ముక్క లోపల పడినా కొత్త తలనొప్పి. కొత్త పంపు పెడితే ఒక బోల్టు అందుకోదు. క్యామ్ మీటను నొక్కిపెట్టి ఉంది. నాలుగో గేరు వేసి కారును జానెడు ముందుకు నెట్టాం. ఈసారి రెండు బోల్టులూ చేత్తోనే తిరిగాయి.

కార్బురేటర్ వైపు గొట్టం సీసాలో పెట్టి, ఇంజను అంటుకోకుండా కాయిల్ వైరు తీసి సెల్ఫ్ కొడితే పెట్రోలు చిమ్మి చిమ్మి పడింది. అప్పుడు ఆయిలు, ఆయిలు ఫిల్టర్ మార్పించాను. పంపు మార్చి ఆయిలు వదిలేస్తే సగం పనే అయినట్టు.

ఇప్పుడు వంతెన మూడో గేరులో ఎక్కుతోంది. వారానికోసారి గేజి పుల్ల వాసన చూస్తున్నాను, ఇప్పటికైతే ఆయిలు వాసనే. రోహిణి కార్తె లోగా గొట్టాలన్నీ మార్పించాలి. ట్యాంకు దించాలంటాడు మేస్త్రి, బేరం ఇంకా తెగలేదు.