పెళ్లి కాగితం లేని చోట మేం రాయించుకున్న కాగితాలు: నా అనుభవం

పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని, మాలాంటి స్వలింగ జంటల కోసం చట్టం చేయాల్సింది పార్లమెంటేనని 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో మొదటి పిటిషనర్లు సుప్రియో, అభయ్ మన హైదరాబాద్ వాళ్లే. సైనిక్‌పురిలో మా ఇంట్లో ఆ తీర్పు లైవ్ చూస్తూ నా భాగస్వామి ఏడ్చింది, నాకు కోపం వచ్చింది. పెళ్లైనవాళ్లకి ఒక్క సర్టిఫికెట్‌తో వచ్చేవన్నీ ఒక్కొక్కటిగా రాయించుకుందాం అనుకున్నాం.

బ్యాంకు పని తేలిగ్గానే అయింది. స్వలింగ భాగస్వాములు జాయింట్ ఖాతా తెరవచ్చని, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. ఆ ప్రకటన ప్రింట్ తీసుకెళ్లాం. "రిలేషన్ ఏం రాయమంటారమ్మా? సిస్టర్ అని వేసేద్దామా?" అన్నాడు ఆఫీసర్. ఆయన మంచిగానే అడిగాడు. అయినా ఇన్నేళ్లు అద్దె ఇళ్ల కోసం చెప్పిన ఆ అబద్ధం ఇక్కడ కూడా చెప్పాలనిపించలేదు. "భాగస్వామి అని రాయండి సార్" అన్నాను. రాశాడు.

నామినీ అయితే చాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నామినీ డబ్బు తీసుకోగలరంతే, దాని మీద హక్కు వారసులదే. మా ఇల్లు తన పేరు మీద ఉంది, లోన్ ఇద్దరం కడుతున్నాం. తనకేమైనా అయితే, వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇల్లు తల్లిదండ్రులకి, వాళ్లు లేకపోతే తండ్రి వారసులకి వెళ్తుంది. నేను ఆ వరుసలో ఎక్కడా లేను.

సగం ఇల్లు నాకు గిఫ్ట్‌గా రాసిస్తానంది తను. భార్యకో భర్తకో ఇస్తే ఆదాయపు పన్ను ఉండదు. చట్టం దృష్టిలో నేను బంధువుని కాదు కాబట్టి, విలువ 50,000 రూపాయలు దాటితే అదంతా నా ఆదాయం కింద లెక్క. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఇదే. అందుకే వీలునామాకే వెళ్లాం. దానికి స్టాంప్ డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించాం, రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా. ఇద్దరు సాక్షులు కావాలి, ఆస్తి పొందేవాళ్లు సాక్షి సంతకం పెట్టకపోవడమే మంచిది.

ఒక సాక్షిగా తన తమ్ముడిని అడిగాం. మా గురించి తెలిసినా ఎప్పుడూ మాట్లాడని మనిషి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి ఆధార్ పట్టుకుని మాకంటే ముందే వచ్చాడు. "అక్క ఇల్లు అక్క ఇష్టం. రేపు మా చుట్టాలు ఎవరైనా అడిగితే నేను చెప్తా" అన్నాడు. కోర్టుకెళ్లే హక్కున్న కుటుంబంలోంచే సాక్షి ఉండటం చాలా బలమని లాయర్ కూడా అన్నారు.

మిగిలింది ఆస్పత్రి. ఇక కోలుకోలేమన్న స్థితిలో మా తరఫున నిర్ణయం ఎవరిదో ముందే రాసిపెట్టుకోవచ్చు. ఇద్దరు సాక్షులు, నోటరీ చాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు సులువు చేసింది. ఆ కాగితం సిద్ధమవుతోంది. కానీ అర్ధరాత్రి యాక్సిడెంట్ అయి ఆపరేషన్ చేయాల్సివస్తే, నా సంతకాన్ని ఒప్పుకోవాలని ఆస్పత్రిని నిలదీయడానికి నా దగ్గర ఏ చట్టమూ లేదు. ఆ పెళ్లి తీర్పును మళ్లీ పరిశీలించమని వేసిన రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. అందుకే తమ్ముడి నంబర్ మా ఇద్దరి ఫోన్లలో ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా పెట్టుకున్నాం.