పేవ్‌మెంట్ ఎక్కనంటోంది

మా అమ్మాయి పేవ్‌మెంట్ మీద సైకిల్ తొక్కనంటోంది. బతిమాలాను, కసిరాను, ఐస్‌క్రీం ఆశ కూడా పెట్టాను, ససేమిరా అంది. "పేవ్‌మెంట్ నడిచేవాళ్ళదమ్మా, సైకిల్ కూడా వెహికలే" అంటుంది, నాకేదో తెలియనట్టు. నాకు తెలుసు. ఇండియా లైసెన్సు మీద ఇక్కడ, ఇంగ్లండ్‌లో, కారు ఏడాదే నడపనిస్తారు కాబట్టి, ఆ తర్వాత అందరిలాగే ఎల్ బోర్డు తగిలించుకుని, నా వయసులో సగం ఉన్న పిల్లల మధ్య కూర్చుని థియరీ పరీక్ష రాసినదాన్నే. హైవే కోడ్, అంటే ఇక్కడి రోడ్డు రూల్స్ పుస్తకం, అప్పట్లో నిద్రలో అడిగినా చెప్పేదాన్ని. అదంతా నాకు. నా పిల్ల మాత్రం పేవ్‌మెంట్ మీదే తొక్కాలి.

ఈ గొడవంతా బడిలో బైకబిలిటీ అనే సైకిల్ ట్రైనింగ్ అయిన దగ్గర్నుంచీ. ఇంగ్లండ్‌లో 2007 నుంచీ ఉంది ఇది. ఇయర్ 5, ఇయర్ 6 పిల్లలకి, అంటే తొమ్మిది నుంచి పదకొండేళ్ళ వాళ్ళకి, ముందు ప్లేగ్రౌండ్‌లో లెవెల్ 1, తర్వాత పసుపు జాకెట్లు తొడిగి నిజం రోడ్డు మీదకి తీసుకెళ్ళి లెవెల్ 2. స్విమ్మింగ్ సర్టిఫికెట్ లాంటిదే ఇదీ ఒకటి, ఫ్రిజ్ మీద అంటించుకుంటాం అనుకుని కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టేశాను. ఒక అంచున బుద్ధిగా వెళ్ళడం నేర్పుతారేమో అనుకున్నాను. వీళ్ళు లేన్ మధ్యలో తొక్కమని నేర్పి పంపారు!

నిజంగానే. కాలిబాట అంచుకి అతుక్కుని వెళ్తే వెనక కారువాడు ఆ కాస్త సందులోంచే దూసుకుపోదామని చూస్తాడట, మధ్యలో ఉంటే ఆగక తప్పదట. ఇది టీచర్ సొంత కవిత్వం కూడా కాదు. 2022 జనవరి 29 నుంచి హైవే కోడ్‌లోనే రాశారు. ట్రాఫిక్ లేని వీధుల్లో, జంక్షన్ దగ్గరికి వస్తున్నప్పుడు, రోడ్డు ఇరుకైన చోట, సైకిల్ తొక్కేవాళ్ళు తమ లేన్‌కి మధ్యలోనే ఉండాలి. రద్దీ రోడ్ల మీద అంచు నుంచి కనీసం అర మీటరు ఇవతలకి. పార్కు చేసిన కార్ల పక్కనైతే ఒక తలుపు తెరుచుకునేంత దూరం. 30 మైళ్ళ స్పీడు లోపు ఓవర్‌టేక్ చేసే కారు సైకిల్‌కి కనీసం మీటరున్నర వదలాలి, స్పీడు పెరిగితే ఇంకా ఎక్కువ. ఇవన్నీ మా పిల్ల గడగడా అప్పజెప్పేస్తుంది. వేమన పద్యం ఒక్కటి నేర్పడానికి నేను ఎన్ని వేసవి సెలవులు పోగొట్టుకున్నానో ఆ దేవుడికే తెలుసు.

నేనేం తక్కువదాన్నా, నేనూ చదివాను. పేవ్‌మెంట్ మీద సైకిల్ తొక్కకూడదనేది 1835 నాటి చట్టం. మెకాలే మనకి ఇంగ్లీషు చదువులు పెట్టాలని ఆ నోటు రాసిన ఏడాదే. అప్పటికి ఇప్పుడు మనం చూసే సైకిల్ పుట్టనే లేదు, 1888లో ఇంకో చట్టంతో దాన్ని కూడా బండ్ల లెక్కలో చేర్చారు. ఇప్పుడు పట్టుకుంటే 50 పౌన్లు జరిమానా. కానీ 1999లో ఆ జరిమానా తెచ్చినప్పుడే హోం ఆఫీసు మంత్రి ఒక మాట చెప్పాడు, రోడ్డు భయంతో జాగ్రత్తగా పేవ్‌మెంట్ ఎక్కేవాళ్ళనీ పిల్లలనీ పట్టుకోవడం దీని ఉద్దేశం కాదని. ఇంకేం, నాకు ఆధారం దొరికింది. సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర లాయర్‌లా వాదన పెట్టాను. అది చపాతీ నములుతూ అంతా విని, "అంటే ఎవరూ పట్టుకోకపోతే పర్లేదా?" అంది. మా ఆయన పెరుగు గిన్నె వైపు చూస్తూ నవ్వు ఆపుకున్నాడు. మ్యూజియం టికెట్ దగ్గర పిల్ల వయసు ఒక ఏడాది తగ్గించి చెప్పబోతే ఆయనకి పిల్ల ముందే క్లాసు పీకింది నేనే మరి.

అసలు ఇబ్బంది ఏంటంటే, కారులో కూర్చున్నప్పుడు నేను వేరే మనిషిని. మేం ఉండేది పశ్చిమ లండన్‌లో, హౌన్స్‌లో అనే పేట వైపు. చిజిక్ హై రోడ్ మీద 2020 చివర్లో ఒక పక్కంతా సైకిళ్ళకి విడిగా దారి కట్టినప్పుడు ఇక్కడ ఎంత రభస అయిందో! షాపులవాళ్ళు, బస్సెక్కేవాళ్ళు, కార్లవాళ్ళు అంతా రెండు వర్గాలుగా విడిపోయారు. నేను ఏ వర్గమో చెప్పక్కర్లేదు. వారాంతం కూరగాయలకి వెళ్తూ, ఆ ఖాళీ సైకిల్ దారి పక్కన ట్రాఫిక్‌లో ఇరుక్కుని, "చూడు, ఒక్కడైనా ఉన్నాడా అందులో" అని గొణుక్కున్నదాన్ని. మనవాళ్ళు నలుగురు కలిస్తే స్కూలు అడ్మిషన్లు, వీసా ఫీజులు అయ్యాక మూడో టాపిక్ ఇదే. ఈ సైకిల్ వాళ్ళు రెడ్ లైటు దాటేస్తారు, ఇద్దరిద్దరు పక్కపక్కన వెళ్తారు, రోడ్ టాక్స్ కట్టరు.

ఈ రోడ్ టాక్స్ మాట నేను కారులో ఒకసారి గట్టిగానే అన్నాను. వెనక సీట్లోంచి సమాధానం వచ్చింది. రోడ్డు కోసమంటూ విడిగా వసూలు చేసే టాక్స్ ఇక్కడ 1937లోనే పోయింది, ఇప్పుడు కట్టేది కారుకి, రోడ్డుకి కాదు. రోడ్లు బాగుచేసేది అందరూ కట్టే పన్నులతో. పైగా మాది ఎలక్ట్రిక్ కారు. 2025 ఏప్రిల్ దాకా దానికి మేం ఒక్క పెన్నీ కట్టలేదు. పక్కపక్కన ఇద్దరు వెళ్ళడం కూడా తప్పు కాదట, పిల్లలతో వెళ్ళేటప్పుడు అదే మంచిదట. ఇప్పుడు నేను కారులో నోరు విప్పాలంటే భయపడే పరిస్థితి. ఓవర్‌టేక్ చేస్తే "అది మీటరున్నర కాదమ్మా" అంటుంది. చేయకుండా వెనకే పోతుంటే నా వెనకవాడు లైట్లు కొడతాడు. మధ్యలో నేను.

చిన్నప్పుడు మా నాన్నగారు నాకు సైకిల్ నేర్పింది తెనాలిలో. ఆయన బడిపంతులు, పొడుగు సైకిల్ మీద ఊరి బయట బడికి వెళ్ళొచ్చేవారు. నాకు చెప్పిన రూల్ ఒక్కటే: వెనక హారన్ వినపడితే తిరిగి చూడకు, మార్జిన్‌లోకి దిగిపో. ఆర్టీసీ బస్సయినా, ఇసుక లారీ అయినా, పెళ్ళి జీపయినా సరే. మట్టిలోకి దిగు, ఒక కాలు కింద పెట్టు, దుమ్ము తగ్గాక మళ్ళీ ఎక్కు. ఆ రూలు ఆయన్ని డెబ్బై దాటేదాకా ఆ రోడ్డు మీద క్షేమంగా తిప్పింది, నన్నూ తిప్పింది. అక్కడ హారన్ అంటే తిట్టు కూడా కాదు, నేనొస్తున్నానని చెప్పడం. ఇక్కడ హారన్ కొడితే నాకు రోజంతా మనసు పాడైపోతుంది.

వీడియో కాల్‌లో మనవరాలు ఆయనకి లేన్ మధ్యలో తొక్కడం గురించి వివరించింది, వచ్చీరాని తెలుగులో, చేతులతో బొమ్మ వేసి మరీ. ఆయన శ్రద్ధగా విన్నారు. "మరి వెనకవాడు ఆగుతాడా తల్లీ?" అని అడిగారు. "ఆగాలి తాతయ్యా" అంది. ఆయన నా వైపు చూశారు. ఆగాలి వేరు, ఆగుతాడు వేరు అని ఆయనకీ నాకూ తెలుసు. దానికి తెలియదు. తెలియకపోవడం మంచిదో చెడ్డదో నేను తేల్చుకోలేకపోతున్నాను.

ఎందుకంటే ఈ పిల్లని నాలా కాకూడదనే పెంచాను. మీటింగుల్లో నా మాటకి ఎవరైనా అడ్డొస్తే నేను ఆగిపోతాను. క్యూలో ముందు దూరినవాణ్ణి చూసి నవ్వి ఊరుకుంటాను. ఎవరో నన్ను గుద్దితే నేనే సారీ చెప్తాను. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో, ఎవరూ హారన్ కొట్టకుండానే మార్జిన్‌లోకి దిగుతూ బతుకుతున్నాను. దాన్ని డ్రామా క్లాసులో వేసింది, "గట్టిగా మాట్లాడు, నీ చోటు నువ్వు తీసుకో" అని నూరిపోసింది నేనే. తీరా అది తన చోటు తీసుకుని, వెనక ఒక వ్యాను, దాని వెనక రెండు కార్లు ఉండగా రోడ్డు మధ్యలో తాపీగా తొక్కుతుంటే, నేను పేవ్‌మెంట్ మీద పరిగెత్తుతూ "పక్కకి రా, పక్కకి రా" అని అరుస్తున్నాను. అరిచింది తెలుగులో, అదొక్కటే ఊరట.

ఆ వ్యాను కాదు గానీ ఇంకో వ్యాను సంగతి చెప్పాలి. తండ్రీ కూతురూ కలిసి వెళ్తున్నప్పుడు ఒకడు కిటికీ దించి, రోడ్డు మీద నుంచి పొమ్మని ఒక బూతు కలిపి అరిచి పోయాడట. ఇంటికొచ్చి మామూలుగా చెప్పింది. నాకు మాత్రం కడుపులో తిప్పేసింది. వాడు అరిచింది సైకిల్‌ని చూసా, మా రంగుని చూసా? రోడ్డు మీద నుంచి పొమ్మన్నాడా, ఇంకెక్కడి నుంచైనా పొమ్మన్నాడా? మా ఆయన్ని ఓ పక్కకి లాగి సరిగ్గా ఏమన్నాడో చెప్పమని పోలీసులా ప్రశ్నించాను. పిల్ల వినేసింది. "వాళ్ళు సైకిల్ వాళ్ళందర్నీ అలాగే అంటారమ్మా. మా ఇన్‌స్ట్రక్టర్‌ని కూడా అంటారట" అంది. ఆ ఇన్‌స్ట్రక్టర్ ఆరడుగుల తెల్లాయన. వింతగా ఉంటుంది చెప్తే, నాకు కాస్త హాయిగా అనిపించింది. నా పిల్లని అందరితో సమానంగా తిట్టారు! ఇలాంటి దానికి సంతోషించే తల్లి ఇంకెక్కడైనా ఉంటుందా? మళ్ళీ ఆ రాత్రే అనుమానం. దానికి కనపడనిది నాకు కనపడుతోందా, లేనిది నేను చూస్తున్నానా? దానికి చెప్పాలా? చెప్తే రేపటి నుంచి ప్రతి హారన్‌లోనూ అదే వెతుక్కుంటుందేమో. చెప్పలేదు. చెప్పకపోవడం పిరికితనమేమో అని కూడా అనిపిస్తూ ఉంటుంది.

సెలవులకి హైదరాబాద్ వెళ్ళినప్పుడు మా తమ్ముడు దీన్ని ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న సోలార్ సైకిల్ ట్రాక్‌కి తీసుకెళ్ళాడు. 2023 అక్టోబర్‌లో మొదలైంది, 23 కిలోమీటర్లు, పైన సోలార్ ప్యానెళ్ళ నీడ. లండన్‌లో కూడా ఇలాంటిది లేదని నేనే గొప్పలు పోయాను. అది ఆనందంగా తొక్కింది. తిరిగొస్తుంటే సర్వీస్ రోడ్డు అంచున ఒకాయన, వాచ్‌మన్ డ్రెస్సులో, పాత సైకిల్ మీద ఎదురుగాలిలో వంగి తొక్కుకుంటూ పోతున్నాడు, పక్కనే టిప్పర్లు. "ఆ అంకుల్ ట్రాక్ మీద ఎందుకు వెళ్ళట్లేదు?" అని అడిగింది. "ఆయన డ్యూటీకి వెళ్ళాలమ్మా" అన్నాడు మా తమ్ముడు. అంతకన్నా మంచి సమాధానం నా దగ్గరా లేదు.

ఇక్కడా అంతే కదా. మా వీధిలో సైకిల్ మీద పని కోసం తిరిగేది ఎక్కువగా ఫుడ్ డెలివరీ పిల్లలే. మొన్న పార్సిల్ తెచ్చిన అబ్బాయి లోపల నా కేకలు విని "తెలుగా అక్కా?" అన్నాడు. ఖమ్మం. తడిసి ముద్దయి ఉన్నాడు, టీ తాగి వెళ్ళమంటే టైం లేదన్నాడు. రోడ్డు మీద కార్లతో ఇబ్బంది లేదా అని అడిగాను. "హారన్ కొడితే పేవ్‌మెంట్ ఎక్కేస్తా అక్కా, మనకెందుకు గొడవ" అన్నాడు. నా వెనక నుంచి మా పిల్ల తల బయటపెట్టి, "అలా ఎక్కకూడదు, ఫిఫ్టీ పౌండ్స్ ఫైన్" అంది. నేను గుడ్లురిమాను. వాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. హై రోడ్ మీద ఇన్నాళ్ళూ నేను కారులోంచి గొణిగిన వాళ్ళలో ఇతను ఎన్నిసార్లు ఉన్నాడో! హెల్మెట్లు పెట్టుకుంటే ఎవరు ఎవరో తెలియదు కదా.

మీరూ ఇదే గొడవలో ఉంటే నేను ఇవ్వగల సలహాలు కొన్ని ఉన్నాయి. హెల్మెట్ ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా పెట్టించండి. చిన్నపిల్లలైతే మీరు వెనక, కాస్త కుడివైపుగా తొక్కండి. కారు తలుపు అవతలి చేత్తో తీయడం ఇంటిల్లిపాదీ అలవాటు చేసుకోండి, అప్పుడు ఒళ్ళు తిరిగి వెనకొచ్చే సైకిల్ కనపడుతుంది, ఇదీ కోడ్‌లో ఉంది. ఇక లేన్ మధ్యలో తొక్కడం గురించి... దాని గురించి నన్ను అడక్కండి. ప్రాక్టీస్‌కి వెళ్ళొచ్చిన ప్రతి శనివారం నా అభిప్రాయం మారుతోంది.

సెప్టెంబర్‌లో సెకండరీ స్కూలు. సైకిల్ మీద ఒక్కతే వెళ్తానంటోంది. దారిలో ఒక రౌండబౌట్ ఉంది, అక్కడ నేను కారులో కూడా ఊపిరి బిగబట్టే దాటుతాను. రిహార్సల్ చేద్దామని బేరం పెట్టి పోయిన ఆదివారం అది ముందు, వెనక కారులో నేను. లేన్ మధ్యలో, దాని స్పీడుకే, ఎవడూ దాని దగ్గరికి రాకుండా గోడలా అడ్డుపెట్టి నడిపాను. కాసేపటికి నా వెనక అర కిలోమీటరు బారు. హారన్లు మొదలయ్యాయి, ఒకటి కాదు రెండు కాదు. జీవితంలో మొదటిసారి నేను మార్జిన్‌లోకి దిగలేదు, అద్దంలో వాళ్ళని చూస్తూ నింపాదిగా నడిపాను. ఇంటికొచ్చాక మెచ్చుకుంటుందేమో అని చూశాను. సైకిల్‌కి తాళం వేస్తూ అంది, "ఈసారి నువ్వు రాకమ్మా. వెనక కార్లు వస్తుంటే వీలైన చోట పక్కకి తప్పుకుని దారివ్వాలి, కోడ్‌లో ఉంది. నేను ఇద్దామనే చూశాను, మధ్యలో నువ్వే అడ్డం."