ఫ్రెంచి మాటలను సిలబుళ్లుగా విడదీయడం: నా అనుభవం

ఫ్రెంచి భాషా సామర్థ్య పరీక్ష అయిన డెల్ఫ్‌లోని మౌఖిక భాగానికి సిద్ధమవుతూ ఫ్రెంచి మాటలను సిలబుళ్లుగా, అంటే ఒక్కో అచ్చు చుట్టూ ఒక్కసారిగా పలికే ముక్కలుగా విడదీయడాన్నీ, ఊనిక (పలుకులో బరువు) పడే చోటును గుర్తించడాన్నీ ప్రత్యేకంగా కూర్చుని సాధన చేశాను. క్రియారూపాల కన్నా ముందు దీన్నే నేర్పాలని నా గట్టి అభిప్రాయం.

రెండు అచ్చుల నడుమ ఒకే హల్లు ఉంటే అది తరువాతి అచ్చుతో పోతుంది; రెండు హల్లులుంటే మొదటిది వెనుకకూ రెండవది ముందుకూ చేరతాయి. ‘యూనివెర్సితే’ అన్న మాటను యూ-ని-వెర్-సి-తే అని విడదీస్తే రెండు సూత్రాలూ కనిపిస్తాయి. ఛందస్సు చదివినవారికి ఇది చిరపరిచితమే: ‘పద్యం’లో ‘ద్య’ను ఒకే అక్షరంగా రాసినా, దకారం వెనుకకు ఆనుకోవడం వల్లనే ‘ప’ గురువవుతుంది. అయితే ప, త, క, బ, వ వంటి హల్లుల తరువాత రేఫ వస్తే ఫ్రెంచిలో ఆ జంట విడిపోదు. మాతృదేశమనే అర్థమున్న ‘పాత్రీ’ని పా-త్రీ అనాలి, పాత్-రీ అనకూడదు.

నాకు ఎక్కువ సాధన అవసరమైనది మాటల కలయిక దగ్గర. ‘అతడు వస్తున్నాడు’ అనే ‘ఇల్ అరీవ్’ నోట ఇ-లా-రీవ్ అవుతుంది. ‘స్నేహితులు’ అనే ‘లే జామీ’లో, విడిగా పలకని సకారం జకారమై తరువాతి అచ్చును అందుకుంటుంది. మన సంధిలాగే ముందు కలిపి, ఆ తరువాతే విడదీయాలని తెలిశాక వినికిడి కూడా తేలికపడింది.

ఊనికకూ ఆధారం ఈ కలయికే. ఇంగ్లీషులో ప్రతి ముఖ్యమైన మాటకూ తనదైన ఊనిక ఉంటుంది. ఫ్రెంచిలో అది ఒక్క ఊపున పలికే పదబంధం చివరి సిలబుల్‌కు చెందుతుంది, అదీ గట్టిగా నొక్కడంగా కాక కాస్త సాగదీయడంగా వినిపిస్తుంది. ‘ఒక పుస్తకం’ అనే ‘అఁ లీవ్ర్’లో ‘లీ’ సాగుతుంది. ‘ఎర్ర పుస్తకం’ అనడానికి ‘అఁ లీవ్ర రూజ్’ అనగానే ఆ సాగడం ‘రూజ్’ మీదికి మారిపోయి, ‘లీ’ మామూలు సిలబుల్‌గా మిగులుతుంది. ‘లీవ్ర్’ చివర రాతలో ఉన్న మూగ అచ్చు, తరువాత ‘రూజ్’ రావడంతో సన్నగా పలుకుతుంది గాని ఊనికను మాత్రం మోయదు. అచ్చుల నెత్తిన కనిపించే గీతలకూ ఊనికకూ సంబంధం లేదు; ‘ఏ’ మూసిన ధ్వనా, తెరచిన ధ్వనా అన్నట్టి తేడాలనే అవి చెబుతాయి.

ఇప్పుడు అలెక్సాండ్రిన్ అనే ఫ్రెంచి ఛందస్సులోని పద్యపాదాలను గొంతెత్తి చదువుతున్నాను. పాదానికి 12 సిలబుళ్లు. హల్లుకు ముందున్న మూగ అచ్చు లెక్కకు వస్తుంది, అచ్చుకు ముందున్నదీ పాదాంతంలోదీ రావు. ఆరవ సిలబుల్ దగ్గర విరామమిచ్చి చదివితే ఊనిక ఎక్కడ పడాలో చెవికే తెలుస్తోంది.