కడిగేకొద్దీ తుప్పు: వన్‌ఫిఫ్టీ ట్యాంకు, దాని రీసేల్ రేటు

బాగుచేసి అమ్ముదామని కొన్న 150 సీసీ పాత బైకు ఇది, దాని పెట్రోలు ట్యాంకులో మళ్లీ తుప్పే. సాయంత్రం టార్చి వేసి చూస్తే వెండిలా మెరిసిన రేకు, తెల్లారేసరికి పసుపునీళ్లు చల్లినట్టు తయారైంది. బండిలో మిగతాదంతా రెడీ. చైన్ స్ప్రాకెట్, కోన్ సెట్, ఫోర్క్ సీళ్లు, క్లచ్ ప్లేట్ల పని అయిపోయింది. ఇంజనులో పొగ లేదు, ఐడిల్ నిలకడగా ఉంది. అమ్మకం మాత్రం ఈ రేకు డబ్బా దగ్గర ఆగిపోయింది.

బండి 2018 మోడల్, ఏపీ 26 (నెల్లూరు) నంబరు, బీఎస్ 4 (పొగ కాలుష్య ప్రమాణం), కార్బురేటర్, సెకండ్ ఓనర్. తిరిగింది అల్లూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద. కొనేటప్పుడు మీటరు కంటే ముందు చూడాల్సింది ఇదే. చెరువుల దగ్గర తిరిగిన బండిని పట్టుకోవడం కష్టమేం కాదు: మెయిన్ స్టాండ్ బుష్, సైలెన్సర్ బెండ్ జాయింటు, ట్యాంకు కింది అంచు, అల్లాయ్ వీల్ మీద తెల్లటి పొడి. మీటరు తిప్పేయొచ్చు, బ్రేకు పెడల్ అరుగుదలను తిప్పలేరు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు కూడా అబద్ధం చెప్పవు: 2319 అని ఉంటే 2019లో 23వ వారం టైరు. ఇరవై వేల కిలోమీటర్ల బండికి అది మూడో జత టైర్లని తేలితే మీటరు సంగతి అక్కడే అర్థమైపోతుంది.

ఇక ట్యాంకు. మొదట నిమ్మ ఉప్పు. 15 లీటర్ల ట్యాంకుకి కిలో, గోరువెచ్చని నీళ్లలో కలిపి, పెట్రోల్ కాక్ (కింది కుళాయి), ఫ్లోట్ (పెట్రోలు మట్టం చూపే తేలుడు బిళ్ల) రెండూ తీసి, ఆ బొక్కలకు రబ్బరు షీటుతో రేకు ముక్కలు బిగించి, రాత్రంతా ఉంచాం. పొద్దున నల్లటి కషాయం దిగింది. 150 గ్రాముల వంటసోడాతో ఆమ్లం విరిచి, బోరు నీళ్లతో కడిగితే, పావుగంటలో పసుపు పట్టేసింది. అనుమానమొచ్చి టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచేది) ముంచితే బోరు నీళ్లు 1,900 దగ్గర చూపించాయి. క్యాన్ నీళ్లు 60. సముద్రం పక్క ఊళ్లలో బోరు నీళ్లతో ట్యాంకు కడగడమంటే తీసేసిన ఉప్పుని మళ్లీ పోయడమే. చివరి రెండు కడుగుళ్లు క్యాన్ నీళ్లతో చేస్తే పావుగంటలో వచ్చేది రెండు గంటలు ఆగింది. ఆగిందే గానీ పోలేదు.

తర్వాత కరెంటు పద్ధతి. లీటరుకు 15 గ్రాముల బట్టల సోడా, అంటే ట్యాంకుకి 225 గ్రాములు. 12 వోల్టుల చార్జర్, ప్లస్ 8 మి.మీ. ఇనప ఊచకి, మైనస్ ట్యాంకుకి. ఊచ మూతి దగ్గర రేకుకి తగలకుండా పెట్రోలు పైపు ముక్క తొడగాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ఊచ వాడొద్దు, అందులోని క్రోమియం నీళ్లలోకి దిగి విషమవుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే పెట్టాలి, దగ్గర్లో బీడీ కూడా వెలగకూడదు. 3 ఆంపియర్లు లాగింది. రెండు గంటలకోసారి ఊచ తీసి గీకకపోతే ఆంపియర్లు ఒకటికి పడిపోతాయి. ఎనిమిది గంటల తర్వాత పైభాగం అద్దంలా ఉంది.

కింద మాత్రం అలాగే ఉంది. కారణం ట్యాంకు ఆకారం. ఛాసిస్ పైపు మీద కూర్చోవడానికి ట్యాంకు అడుగున మధ్యలో మడత ఉంటుంది, దానికి అటూ ఇటూ రెండు జేబుల్లా వేలాడతాయి. మూతి నుంచి నిలువుగా దిగిన ఊచకి ఎదురుగా ఉన్న రేకే శుభ్రమవుతుంది, మడత చాటున ఉన్న జేబులకు కరెంటు సరిగా అందదు. నీళ్లు నిలిచేదేమో ఆ జేబుల్లోనే. ట్యాంకు బోర్లించి, ఫ్లోట్ బొక్కలోంచి 6 మి.మీ. ఊచ పెడితే ఎడమ జేబు దారికొచ్చింది. కుడివైపు బొక్కే లేదు. మూతిలోంచి వంకర ఊచ పెడితే మడతకి తగిలి షార్టవుతోంది.

అసలు దొంగ ఇంకోటి దొరికింది. కడిగాక ట్యాంకు బోర్లించి వంచేస్తే నీళ్లన్నీ పోయాయనుకుంటాం. మూతి లోపలి అంచు సెంటీమీటరు పైగా లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది, దాని వెనక నీళ్లు ఆగుతాయి. మళ్లీ మామూలుగా నిలబెట్టగానే అవి కుడి జేబులోకి జారతాయి. సిరంజికి సన్నటి పైపు తగిలించి లాగితే 35 మి.లీ. వచ్చాయి. హెయిర్ డ్రయ్యర్ గంటసేపు పెట్టినా ఇక్కడి గాలి తేమలో అన్ని నీళ్లు ఆరవు. ఇప్పుడు సిరంజితో లాగడం, పావు లీటరు స్పిరిట్ పోసి తిప్పి వంచేయడం, ఆ తడి పూర్తిగా ఎగిరిపోయాకే డ్రయ్యర్, వెంటనే 200 మి.లీ. టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్ల ఆయిల్) పోసి అన్నివైపులా పూయడం. స్పిరిట్ ఆవిరి ఉండగా డ్రయ్యర్ పెడితే ట్యాంకు పేలొచ్చు, తొందరపడొద్దు. ఈ వరసలో చేస్తే పైభాగం, ఎడమ జేబు నిలబడ్డాయి. కుడి జేబులో అరచేతంత మేర తుప్పు మిగిలే ఉంది. గుంటల్లో ఉప్పు పట్టుకొని ఉందని అనుమానం.

ఇంతలో కొత్త తలనొప్పి. కాక్‌కి ముందు 18 మి.మీ. దూరంలో, కింది అతుకు మీద సూది బెజ్జం. తుప్పే ఇన్నాళ్లూ దాన్ని మూసి ఉంచింది, నిమ్మ ఉప్పు ఆ తుప్పు తినేసరికి తెరుచుకుంది. బొక్కలన్నీ బిగించి సైకిలు పంపుతో రెండు పీఎస్ఐ గాలి కొట్టి, సబ్బు నురగ రాస్తే బుడగ కనిపించింది. అంతకు మించి గాలి కొట్టొద్దు, ట్యాంకు ఉబ్బిపోతుంది. అయిదు లీటర్ల పెట్రోలు పోసి చూస్తే నలభై సెకన్లకో చుక్క.

గ్యాస్ వెల్డింగ్ వద్దు. రేకు అక్కడ పలచబడి ఉంది, మంట తగిలితే సూది బెజ్జం బఠాణీ గింజంత అవుతుంది. పెట్రోలు ఆవిరి ప్రమాదం సరేసరి. ఎమ్‌సీల్ ఎన్నాళ్లో ఆగదు. లోపల పూతలా గట్టిపడే ఎపాక్సీ సీలర్ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించి పోస్తే కుడి జేబు దగ్గర పొరలా లేచింది, 4 మి.మీ. పెచ్చు కార్బురేటర్ ఫ్లోట్ చాంబర్‌లో దొరికింది. తడి ఆరని చోట ఎపాక్సీ పట్టదు. పైగా ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, ఆ కిట్ డబ్బా మీద ఇథనాల్ మాటే లేదు. సీలర్ల మీద నాకు నమ్మకం పోయింది. పాత పద్ధతే నయం: రేకు తెల్లగా గీకి, తగరం పట్టడానికి ఫ్లక్స్ రాసి, రూపాయి బిళ్లంత ఇత్తడి రేకుతో తగరం అతుకు. అది వేశాం, చుక్క ఆగింది.

మొదట నీళ్లు లోపలికి ఎట్టా వచ్చాయంటే, పెట్రోల్ మూత చుట్టూ పడిన వాన నీరు దిగిపోవడానికి సన్నటి గొట్టం ఉంటుంది. అది చెరువు బురదతో మూసుకుపోయింది. నీళ్లు మూత రబ్బరు మీద నిలిచి లోపలికి దిగాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, మోతాదు మించగానే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి చేరతాయి. బండి వాడకుండా ఉంచేవాళ్లు ఆ గొట్టంలో వానాకాలం ముందు బ్రేకు కేబుల్ తీగ ఒకటి దూర్చి తీస్తే చాలు.

ఇప్పుడు లెక్క. ఈ బండి శుభ్రంగా ఉంటే ఇక్కడ 48 వేలు పలుకుతుంది. మూత తీయగానే తుప్పు కనిపిస్తే 40 అంటారు. కొత్త ట్యాంకు పెయింటుతో తొమ్మిది వేలు చెప్పారు. ఎనిమిది వేలు పోకుండా తొమ్మిది వేలు పెట్టడం ఒక తెలివితక్కువ. అంతకన్నా పెద్ద సమస్య, ఏడేళ్ల ఎండకి వెలిసిన సైడ్ ప్యానెళ్ల మధ్య కొత్త రంగు ట్యాంకు. బ్రోకరు ఒకే మాట అన్నాడు: “ట్యాంకు మారిందంటే బండి పడిందేమో అంటారన్నా.” నిజమే. బాగు చేసినందుకు రేటు పెరగకపోగా అనుమానానికి ఇంకో మూడు వేలు కోస్తారు. పాత ట్యాంకు ఫొటోలు, బిల్లు చూపిస్తే కొంత నమ్ముతారు, అందుకే ప్రతి దశా ఫొటో తీసి పెట్టాలి.

మోడల్ ఏడాది చేసే కోత వేరు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా ఆపే బ్రేకు) తప్పనిసరి, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6. ఈ బండికి రెండూ లేవు. ఏపీ 26 ప్లేటు చూడగానే 2019 ముందుదని లెక్కేస్తారు, తర్వాతవి ఏపీ 39 కదా. ఇన్సూరెన్స్ వాళ్ల పట్టికలో తరుగు ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదికి 15, రెండేళ్లకి 20, మూడేళ్లకి 30, నాలుగేళ్లకి 40, అయిదేళ్లకి 50. ఆ తర్వాత కంపెనీ, ఓనరు కుదుర్చుకున్న విలువ. బజారు ఈ పట్టికను లెక్కచేయదు. స్ప్లెండర్, షైన్ శుభ్రంగా ఉంటే అయిదేళ్లకి సగం పైనే పలుకుతాయి, క్లాసిక్ 350 కూడా. 390 డ్యూక్ లాంటివి ఒంగోల్లో అడిగేవాడు దొరకడమే గగనం, పట్టిక కంటే కిందికి పోతాయి. సీరియస్‌గా రీసేల్ చూసుకునేవాళ్లు ఆ జోలికి పోకపోవడం మంచిది.

2025 సెప్టెంబరు 22న 350 సీసీ వరకు బండ్లకి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. లక్ష షోరూం ధర బండి సుమారు 92,200 అయింది. పాతబండి కొనేవాడు “కొత్తదెంత?” అనే మొదలుపెడతాడు, ఆ తగ్గింపు మన బండి మీదా పడుతుంది. అంతకు ముందు రేటుకి కొని పెట్టుకున్న పాత బండ్ల మీద లాభం అక్కడే ఆవిరైంది.

కాగితాలు సరిగా లేకపోతే తుప్పు కంటే ఎక్కువ పోతుంది. ఫైనాన్సు తీరినా ఆర్సీలో హైపోథికేషన్ (అప్పు నమోదు) అలాగే ఉంటే, దాన్ని తీయించే ఫారం 35, ఫైనాన్సు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) లేకుండా ట్రాన్స్‌ఫర్ కదలదు. పేరు మార్పిడి 29, 30 ఫారాలు సంతకం చేసి ఊరుకోవడం కాదు, రాష్ట్రంలోపల అయితే 14 రోజుల్లో అమ్మినవాడూ ఆర్టీఓకి తెలపాలి. 2018 సెప్టెంబరు నుంచి కొన్న కొత్త బండ్లకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అయిదేళ్లకి ఇచ్చారు. ఈ బండిది 2023 నవంబరులో అయిపోయింది, ఆ ఖర్చు కొన్నవాడి నెత్తిన వేస్తే వాడు రెట్టింపు కోస్తాడు. చెన్నై నంబరు బండి చవగ్గా వస్తుందని తెచ్చేవాళ్లు ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూసుకోండి, చవక ఎక్కడుందో కనపడదు.

అమ్మకానికి దసరా ముందు వద్దు. షోరూంలలో ఎక్స్‌ఛేంజ్ బండ్లు గుంపుగా బజారులో పడతాయి. టంగుటూరు, కొండపి పొగాకు వేలం డబ్బులు చేతికొచ్చే రోజుల్లో ఒంగోలు వైపు గిరాకీ నయం. ఆషాఢంలో బేరం కూడా ఆడరు.

ప్రస్తుతానికి ప్లాను: చెన్నై పుదుపేట పాత స్పేర్ల బజారులో అదే రంగు, అదే ఏడాది ట్యాంకు రెండున్నర వేలల్లో దొరుకుతుందేమో చూడాలి. వెళ్లేటప్పుడు టార్చి, అయస్కాంతం, సిరంజి వెంట ఉండాలి. మడత అంచున అయస్కాంతం పట్టకపోతే అక్కడ పుట్టీ ఉన్నట్టు. దొరక్కపోతే ఈ తగరం అతుకుతోనే, ఫొటోలు ముందు పెట్టి, 44కి అమ్మేయడం. ఈలోపు కుడి జేబు కోసం ఫ్లెక్సిబుల్ పద్ధతి ఒకటి చూడాలి: ఇనప తీగను బొక్కలు చేసిన ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి మడత మీదుగా వంచి దించితే షార్టు కాకపోవచ్చు. 1 ఆంపియరు, ఇరవై గంటలు. తర్వాతి బండి మాత్రం కనిగిరి వైపు నుంచే. అక్కడ దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ పోతుంది, ట్యాంకు పోదు.